నైజెల్ హాథార్న్‌కు యాభై ఏళ్లు ఎందుకు పట్టింది?

1984 జనవరిలో లండన్‌లో ఒక సభ జరిగింది. టీవీలో అసభ్యత పెచ్చుమీరుతోందని ఏళ్ల తరబడి పోరాడుతున్న మేరీ వైట్‌హౌస్ సంఘం ఆ రోజు 'యెస్ మినిస్టర్' అనే బీబీసీ హాస్య ధారావాహికకు అవార్డు ఇస్తోంది. ఆ సభకు ప్రధాని మార్గరెట్ థాచర్ వచ్చారు. ఊరికే రాలేదు, సొంతంగా ఒక చిన్న నాటిక రాయించుకుని మరీ వచ్చారు. అందులో ప్రధాని వేషం ఆమెదే. మంత్రిగా, కార్యదర్శిగా ధారావాహికలోని అసలు నటులే ఆమె పక్కన నటించాలి. ఆర్థికవేత్తలనే వాళ్లు దేశంలో లేకుండా చేయాలని ప్రధాని హుకుం జారీ చేయడం దాని ఇతివృత్తం. నటులిద్దరికీ అది సుతరామూ ఇష్టం లేదు. ప్రధాని అంతటి మనిషి అడిగితే కాదనలేక చేశారు. తర్వాత రచయితల్లో ఒకరైన జొనాథన్ లిన్ మైకు అందుకుని, హాస్య ధారావాహికల రంగంలో తనకు దక్కాల్సిన చోటును ఎట్టకేలకు అందుకున్నందుకు ప్రధానికి కృతజ్ఞతలు చెప్పాడు. ప్రధాని తప్ప అందరూ నవ్వారని ఆయనే చెప్పుకున్నాడు.

ఆ రోజు కార్యదర్శి వేషం వేసిన నైజెల్ హాథార్న్‌కు అప్పటికి 54 ఏళ్లు. అంతకు నాలుగేళ్ల ముందు వరకు ఆయన పేరు నాటకాలు చూసేవాళ్లకు తప్ప ఇంగ్లండులో పెద్దగా ఎవరికీ తెలియదు. రంగస్థలం ఎక్కింది మాత్రం 1950లో. మధ్యలో ముప్పై ఏళ్లు ఏమైపోయాయి? 'అదృష్టం ఆలస్యంగా తలుపు తట్టింది' అని ఆయన మీద వచ్చిన వ్యాసాలు తేల్చేస్తుంటాయి. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. బ్రిటన్‌లో నాటకం, టీవీ, సినిమా మూడూ ఒకే ఊళ్లో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంది. నటుడు ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా పాత లెక్క చెల్లదు. హాథార్న్ జీవితం చూస్తే ఆ మూడు లెక్కలూ విడివిడిగా కనిపిస్తాయి.

ఆయన పుట్టింది 1929 ఏప్రిల్ 5న, ఇంగ్లండులోని కోవెంట్రీలో. తండ్రి డాక్టరు. పిల్లవాడికి మూడేళ్ల వయసులో కుటుంబమంతా దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు మారిపోయింది. అక్కడే చదువు, అక్కడే విశ్వవిద్యాలయం నాటకాలు, అక్కడే 1950లో వృత్తి నటుడిగా తొలి వేషం. మరుసటి ఏడాది లండన్ వచ్చాడు. లండన్ పట్టించుకోలేదు. కొన్నేళ్లు చిన్నాచితకా వేషాలు వేసి, తిరిగి కేప్‌టౌన్ వెళ్లి, 1960ల మొదట్లో మళ్లీ లండన్ చేరాడు. రెండు దేశాల మధ్య ఇలా తిరగడంలోనే పదేళ్లు పోయాయి.

ఆ రోజుల్లో బ్రిటిష్ నటుడికి బడి అంటే ఊరూరా ఉండే రెపర్టరీ థియేటర్లు. ఒకే నటబృందం ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. ఈ వారం ఒక నాటకం రాత్రిళ్లు ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకం రిహార్సల్ చేస్తుంది. ఈ సోమవారం హంతకుడు, వచ్చే సోమవారం బట్లరు, ఆపై వారం మతాధికారి. పాత్రలో లోతుగా మునగడానికి వ్యవధి ఉండదు. మాటలు చకచకా నోటికి రావాలి, గొంతు వెనక వరుస దాకా వినపడాలి, తోటి నటుడు తడబడితే ప్రేక్షకులకు తెలియకుండా ఎత్తుకోవాలి. మన నాట్యశాస్త్రం వాచికం, అంటే మాటతో చేసే అభినయం, అని వేరుగా చెప్పిన భాగమంతా అక్కడ అరిగిపోయేదాకా సాధన అవుతుంది. పేరు మాత్రం రాదు. ఎందుకంటే ఆ ఊరు దాటితే చూసేవాడు లేడు. 1955లో బీబీసీకి పోటీగా ప్రైవేటు టీవీ మొదలయ్యాక ఆ ఊళ్లలో కూడా జనం ఇళ్లు కదలడం తగ్గించారు.

దానికి తోడు గాలి మారింది. 1956 తర్వాత లండన్ నాటకాల్లో కార్మిక కుటుంబాల యువకులు, ఉత్తరాది యాసలు, కోపం రాజ్యమేలాయి. డాక్టరు గారి అబ్బాయి, వలస దేశంలో పెరిగిన మర్యాదస్తుడు, ముప్పై దాటకుండానే నడివయసు వాడిలా కనిపించే మనిషి ఆ గాలికి పనికిరాడు. ప్రతిభ లేక కాదు, ఆ మొహానికి తగ్గ వేషాలు అప్పుడు ఎవరూ రాయడం లేదు.

ఆయనకు మలుపు తూర్పు లండన్‌లో జోన్ లిటిల్‌వుడ్ నాటకశాలలో దొరికింది. ఆమె నటులను కుదిపి పడేసే దర్శకురాలు. నేర్చుకుని వచ్చిన నాజూకులన్నీ వదిలించి, అప్పటికప్పుడు కల్పించి ఆడమనేది. రెపర్టరీ ఇచ్చిన ఒడుపు హాథార్న్‌కు ఉంది, ప్రమాదంలోకి దూకడం ఇక్కడ అబ్బింది. ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వాన్ని వెక్కిరించే 'మిసెస్ విల్సన్స్ డైరీ'లో 1967లో ఆయన వేసింది ఒక మంత్రి వేషం. పదమూడేళ్ల తర్వాత మంత్రిని ఆడించే కార్యదర్శిగా దేశమంతా గుర్తుపడుతుందని ఎవరనుకుంటారు!

1968లో రాయల్ కోర్ట్ థియేటర్ ఎడ్వర్డ్ బాండ్ రాసిన 'ఎర్లీ మార్నింగ్' ఆడింది. అప్పట్లో బ్రిటన్‌లో ఏ కొత్త నాటకమైనా లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజోద్యోగి అనుమతి లేకుండా బహిరంగంగా ఆడకూడదు. 1737లో చట్టంగా మొదలైన కట్టుబాటు అది. విక్టోరియా రాణిని, ఆమె భర్తను, రాజవంశం మొత్తాన్ని చెత్తబుట్టలో వేసిన ఈ నాటకానికి ఆయన ఒక్క పంక్తికి కూడా అనుమతి ఇవ్వలేదు. సభ్యులకు మాత్రమే అన్న మిషతో ఆడారు. అందులో రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ మన హాథార్న్. ఆ శరదృతువులోనే నాటకాల సెన్సారు చట్టం రద్దయింది. ఆ రాయల్ కోర్ట్‌లోనే రంగస్థల నిర్వాహకుడిగా పనిచేస్తున్న ట్రెవర్ బెంథమ్ పరిచయమయ్యాడు. పదేళ్లు దాటాక, 1979 నుంచి, ఇద్దరూ జీవిత సహచరులు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

డెబ్బైలలో పరిస్థితి మెరుగైంది. సైమన్ గ్రే నాటకంలో అలన్ బేట్స్ పక్కన, హెరాల్డ్ పింటర్ దర్శకత్వంలో లండన్ పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌లో ఆడాడు. 1977లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ 'ప్రైవేట్స్ ఆన్ పరేడ్'లో తిక్క మేజరు వేషానికి ఉత్తమ సహాయ నటుడి అవార్డు అందుకున్నాడు. నాటకాల లెక్కలో ఇది పెద్ద పరీక్షలో నెగ్గడమే. కానీ ఆ నాటకశాలలో పట్టేది వందల మంది. టీవీలో మాత్రం ఇంకా తుంపులే. 'డాడ్స్ ఆర్మీ'లో 1969లో సైకిల్ మీద వచ్చి కోప్పడి వెళ్లిపోయే మనిషి ఆయనే. 1979లో వచ్చిన 'ది నాలెడ్జ్' అనే టీవీ చిత్రంలో మాత్రం కాస్త చోటు దొరికింది. లండన్ టాక్సీ నడపాలంటే నగరంలోని వేల వీధులు కంఠస్థం చేసి అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పించుకునే పరీక్షాధికారి వేషం. అభ్యర్థి సమాధానం చెబుతుంటే ఈయన ముక్కులో మందు పెట్టుకుంటూ, వింత చేష్టలు చేస్తూ వాణ్ణి కంగారు పెడతాడు. అధికారంలో ఉన్న మనిషి ఎదుటివాడి నోట మాట ఎలా పడగొడతాడో చూపించడం అక్కడే మొదలైంది.

'యెస్ మినిస్టర్' తొలి భాగం 1980 ఫిబ్రవరి 25న ప్రసారమైంది. నిజానికి ముందే సిద్ధమైంది. ఎన్నికల ముందు రాజకీయ నాయకుల మీద హాస్యం వేస్తే లేనిపోని తంటా అని బీబీసీ 1979 మే ఎన్నికలు దాటేదాకా అట్టిపెట్టింది. ఇతివృత్తం మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. మంత్రి జిమ్ హాకర్ కొత్త ఆలోచనలతో శాఖకు వస్తాడు. శాఖ శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ యాపిల్‌బీ 'తప్పకుండా' అంటూనే ఏదీ జరగనివ్వడు. మంత్రి నేడుంటాడు, రేపు పోతాడు, కార్యదర్శి ఉంటాడు. ఈ ఏర్పాటు బ్రిటన్ నుంచి మన సచివాలయాలకు చెక్కుచెదరకుండా దిగుమతి అయింది కనుక, ఫైలు ఎందుకు కదలడం లేదని ఒక్కసారైనా తిరిగిన మనిషికి హంఫ్రీ కొత్తవాడు కాడు. 2001లో దీన్నే హిందీలో 'జీ మంత్రీజీ'గా తీస్తే ఫారూఖ్ షేక్ మంత్రి, జయంత్ కృపలానీ కార్యదర్శి. కథల్లో పెద్దగా మార్చాల్సింది లేకపోయింది.

ఆ పాత్రకు హాథార్నే ఎందుకు కుదిరాడో తెలియాలంటే ధారావాహిక తీసే పద్ధతి చూడాలి. అప్పటి బీబీసీ హాస్య ధారావాహికలు సగం సినిమా, సగం నాటకం. వారమంతా రిహార్సల్ చేసి, చివరి రోజు సాయంత్రం స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల ముందు భాగమంతా చిత్రీకరించేవారు. మనకు వినపడే నవ్వు ఆ మనుషులదే. రచయితలు జొనాథన్ లిన్, ఆంటొనీ జే ప్రతి భాగంలోనూ హంఫ్రీ కోసం ఒక భయంకరమైన వాక్యం రాసేవారు. 'కాదు' అన్న ఒక్క మాటను ఉపవాక్యాల మీద ఉపవాక్యాలు పేర్చి, నిమిషం పాటు సాగదీసి, చివరకు ఏమన్నాడో మంత్రికి అర్థం కాకుండా ముగించాలి. అర్థం ప్రేక్షకులకు మాత్రం అందాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ పదం మీద బరువు వేయాలో, ఎక్కడ పరుగెత్తాలో తెలియని నటుడు సగంలో మునిగిపోతాడు. హాథార్న్ ఒడ్డుకు చేరగానే స్టూడియోలో చప్పట్లు మోగేవి. పద్యనాటకంలో నటుడు రాగం దించగానే వన్స్‌మోర్ కొట్టినట్టే. రెపర్టరీలో చేసిన చాకిరీ అంతా ఇక్కడ వడ్డీతో తిరిగొచ్చింది.

ఒక దృశ్యం దగ్గర కాసేపు ఆగుతాను. హాకర్ ప్రధాని అయ్యాక ధారావాహిక 'యెస్ ప్రైమ్ మినిస్టర్' పేరుతో కొనసాగింది. అందులో 1986లో వచ్చిన భాగం. నిర్బంధ సైనిక శిక్షణ మళ్లీ పెట్టాలని జనం కోరుతున్నట్టు ఒక సర్వే తేల్చిందని ప్రధాని ఆంతరంగిక కార్యదర్శి బెర్నార్డ్ చెబుతాడు. అయితే కోరడం లేదని ఇంకో సర్వే చేయించు అంటాడు హంఫ్రీ. అదెలా సాధ్యం అంటాడు బెర్నార్డ్. హంఫ్రీ వరసగా అడగడం మొదలుపెడతాడు. యువకులకు ఉద్యోగాలు లేవని నీకు దిగులుగా ఉందా? పిల్లల్లో నేరాలు పెరుగుతున్నాయని? బడుల్లో క్రమశిక్షణ లేదని? ప్రతిదానికీ అవుననక తప్పదు. చివర్లో సైనిక శిక్షణకు ఒప్పుకుంటావా అంటే బెర్నార్డ్ నోట అప్రయత్నంగా అవునే వస్తుంది. వెంటనే రెండో విడత. యుద్ధం వస్తుందని భయమా? కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి చంపడం నేర్పడం ప్రమాదం కాదా? ఇష్టం లేనివాళ్ల చేత ఆయుధం పట్టించడం తప్పు కాదా? ఇప్పుడు శిక్షణ వద్దంటావా? దానికీ అవుననే. అభిప్రాయ సేకరణ ఎలా వంచుతారో చెప్పడానికి గణాంకశాస్త్రం తరగతుల్లో ఈ దృశ్యాన్ని నేటికీ వేసి చూపిస్తున్నారు.

దీన్ని మాటల తెలివిగా చూస్తే సగమే చూసినట్టు. హాథార్న్ మొదటి ప్రశ్నలు తీరిగ్గా అడుగుతాడు. ఒక్కో 'అవును'కూ వేగం కాస్త పెంచుతాడు. చివరి ప్రశ్నకు వచ్చేసరికి బెర్నార్డ్‌కు ఆలోచించే సందు ఉండదు. గెలిచాక మొహంలో విజయగర్వం కూడా ఉండదు, చిన్నపిల్లవాడికి కూడిక నేర్పిన మాస్టారి తృప్తి ఉంటుంది. ఆ తృప్తే భయం పుట్టిస్తుంది. హంఫ్రీని దుష్టుడిగా ఆడి ఉంటే ఈ ధారావాహిక రెండేళ్లలో పాతబడేది. తాను లేకపోతే దేశం మునుగుతుందని నిజంగా నమ్మే సౌమ్యుడిగా ఆడాడు. రోగులు ఒక్కరూ లేని, వందల మంది సిబ్బందితో నడిచే ఆసుపత్రిని సమర్థించే భాగంలో కూడా ఆ నమ్మకం సడలదు.

నాలుగుసార్లు ఆ పాత్రకే బ్రిటన్ సినిమా, టీవీ రంగాల బాఫ్టా అవార్డు వచ్చింది. నాలుగుసార్లూ మంత్రి వేషధారి పాల్ ఎడింగ్టన్ పక్కన పోటీలో నిలిచి ఓడిపోయాడు. నాకది అన్యాయంగానే తోస్తుంది. ఎడింగ్టన్ మొహంలో ఒక్కో అక్షరానికీ పాకే అయోమయం లేకపోతే హంఫ్రీ వాక్యానికి నవ్వు పుట్టదు. మాట విసిరేవాడికి పేరు వస్తుంది, పట్టుకునేవాడికి రాదు. నాటకం పుట్టినప్పటి నుంచి ఇంతే.

1988 జనవరిలో ధారావాహిక ముగిసింది. ఈలోగా ఆంథనీ ట్రాలప్ నవలల ఆధారంగా వచ్చిన 'బార్చెస్టర్ క్రానికల్స్'లో ఆర్చ్‌డీకన్ అనే చర్చి అధికారి వేషం, అటెన్‌బరో 'గాంధీ'లో కొద్దిసేపు కనిపించే ఒక తెల్ల అధికారి వేషం వేశాడు. టీవీ ఇచ్చిన మొహంతో ఆయన తిరిగి వెళ్లింది మాత్రం నాటకానికే. రచయిత సి. ఎస్. లూయిస్ లేటు వయసు ప్రేమను, భార్య మరణాన్ని చెప్పే 'షాడోలాండ్స్' లండన్‌లో 1989లో, న్యూయార్క్‌లో మరుసటి ఏడాది ఆడాడు. 1991లో బ్రాడ్‌వే అత్యున్నత గౌరవమైన టోనీ అవార్డు వచ్చింది. హంఫ్రీని మరిపించాడన్నమాట.

ఆ నాటకం 1993లో సినిమా అయింది. లూయిస్ వేషం ఆంథనీ హాప్కిన్స్‌కు వెళ్లింది. నేను చెప్పిన మూడో లెక్క ఇదే. సినిమాకు డబ్బు పెట్టేవాడు నాటకంలో ఎవరు బాగా చేశారని అడగడు, ఎవరి పేరు చెబితే టిక్కెట్లు తెగుతాయని అడుగుతాడు. హాప్కిన్స్ అప్పటికే ఆస్కార్ తీసుకున్న మనిషి. ఆయన బాగా చేశాడు కూడా, ఆ మాట దాచకూడదు. హాథార్న్‌కు ఆ ఏడాది హాలీవుడ్‌లో దొరికింది 'డిమాలిషన్ మ్యాన్'లో సిల్వెస్టర్ స్టాలోన్ ఎదుట విలన్ వేషం.

అదే దెబ్బ రెండోసారి తగలకుండా ఇద్దరు మనుషులు అడ్డుపడ్డారు. 1991 నవంబరులో నేషనల్ థియేటర్‌లో అలన్ బెనెట్ నాటకం 'ది మ్యాడ్నెస్ ఆఫ్ జార్జ్ ది థర్డ్' మొదలైంది. 1788లో మూడో జార్జ్ రాజుకు ఉన్నట్టుండి మతి తప్పింది. కొడుకు సింహాసనం పక్కన కాచుకుని కూర్చున్నాడు. వైద్యులు రక్తం తీసి, ఒళ్లంతా బొబ్బలెక్కించి నానా హింస పెట్టారు. చివరకు విలిస్ అనే వైద్యుడు రాజును కుర్చీకి కట్టేసి దారికి తెచ్చాడు. హాథార్న్ ఈ రాజు వేషానికి లండన్ నాటకరంగపు ఒలివియర్ అవార్డు అందుకున్నాడు. సినిమా మాట వచ్చినప్పుడు రచయిత బెనెట్, దర్శకుడు నికొలస్ హైట్నర్ రాజు వేషం హాథార్న్‌దేనని పట్టుపట్టారు. 1994లో సినిమా వచ్చింది.

హంఫ్రీని, ఈ రాజును పక్కపక్కన పెట్టి చూస్తే హాథార్న్ ఏమిటో బోధపడుతుందని నా నమ్మకం. హంఫ్రీకి మాట పూర్తిగా వశంలో ఉంటుంది. రాజుకు మాటే వశం తప్పుతుంది. మొదట్లో ప్రతి వాక్యం చివర 'ఆఁ? ఆఁ?' అని తగిలించే సరదా మనిషి. జబ్బు ముదిరేకొద్దీ మాటలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతాయి, బూతులు దూరుతాయి, ఆపుదామనుకున్నా నోరు ఆగదు. తన నోటి నుంచి వస్తున్నది తనకే వినపడి కళ్లలో భయం. పట్టుకుని కుర్చీలో కూలేసి నోటికి గుడ్డ కడుతుంటే, వెనక పట్టాభిషేకాల్లో పాడే హాండెల్ కీర్తన హోరెత్తుతుంది. రాజు సింహాసనం మీద కూర్చున్నప్పుడు వినపడాల్సిన సంగీతం అది. ఊపిరి మీద, వేగం మీద ఉన్న ఆ పట్టే రెండు పాత్రలనూ నిలబెట్టింది. కోలుకుంటున్న రాజు, మతి తప్పిన రాజు కథ చెప్పే షేక్స్‌పియర్ 'కింగ్ లియర్'ను, లియర్ కూతురు కార్డీలియా మాటలు తన మంత్రి లార్డ్ ఛాన్సలర్ చేత చదివించుకుంటూ చదివే దృశ్యం ఉంది. నిజమైన మూడో జార్జ్ చివరి ఏళ్లలో మతి పూర్తిగా పోయాక ఆ నాటకాన్ని లండన్‌లో ఆడకుండా పక్కన పెట్టారు. చూసేవాళ్లు ఎవరిని తలచుకుంటారో అందరికీ తెలుసు.

ఈ సినిమాతో హాథార్న్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ ప్రతిపాదన వచ్చింది. దాంతోపాటే ఆయన ఎన్నడూ కోరుకోని ప్రచారం వచ్చింది. ఇంగ్లండులో మగవాళ్ల మధ్య సంబంధం 1967 దాకా జైలుకు పంపే నేరం. 1953లో అప్పటికే సర్ బిరుదు ఉన్న జాన్ గిల్‌గుడ్‌ను పోలీసులు పట్టుకుని జరిమానా వేస్తే పత్రికలన్నీ రాశాయి. హాథార్న్ అప్పుడు లండన్‌లో వేషాల కోసం తిరుగుతున్న 24 ఏళ్ల కుర్రాడు. ఆ తరం నటులకు నోరు మూసుకోవడం కూడా వృత్తిలో భాగమే అయింది. చట్టం మారాక కూడా ఆయన దాచలేదు, చాటలేదు. బెంథమ్‌తో ఊళ్లో గుట్టుగా బతికాడు. 1995లో ఒక అమెరికన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ తర్వాత బ్రిటిష్ చౌకబారు పత్రికలు ఆ బతుకును శీర్షికలకెక్కించాయి. ఆయన బాగా నొచ్చుకున్నాడు. అయినా ఆస్కార్ సభకు బెంథమ్‌తో కలిసే వెళ్లాడు. అవార్డు టామ్ హాంక్స్‌కు వచ్చింది. ఆ తర్వాత బాఫ్టా మాత్రం ఉత్తమ సినీ నటుడిగా ఈయన్నే ఎంచుకుంది. 1996లో వచ్చిన 'ది ఫ్రాజైల్ హార్ట్' అనే టీవీ నాటకంలో గుండె శస్త్రచికిత్స నిపుణుడి వేషానికి ఇంకొకటి ఇచ్చింది. మొత్తం ఆరు.

1999లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది ఆయన అసలు 'కింగ్ లియర్' ఒప్పుకున్నాడు. దర్శకుడు జపాన్‌కు చెందిన యూకియో నినగావా, విదూషకుడిగా హిరోయుకి సనాడా, నిర్మాణం రాయల్ షేక్స్‌పియర్ కంపెనీతో కలిసి. ముందు జపాన్‌లో, తర్వాత లండన్‌లో, షేక్స్‌పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడారు. లండన్ విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. లియర్ అంటే తుపానులో ఆకాశం దద్దరిల్లేలా అరవాలని వాళ్ల లెక్క. హాథార్న్ అరుపు కంటే నొప్పి వైపు మొగ్గాడు. ఆయన చివరి రంగస్థల వేషం అదే అయింది. 2000లో క్లోమ క్యాన్సర్ బయటపడింది. చికిత్స జరుగుతుండగా ఆత్మకథ రాసి ముగించి, 2001 డిసెంబరు 26న హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఇంట్లో గుండెపోటుతో పోయాడు. 72 ఏళ్లు. పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది.

2010లో ఆ రచయితలిద్దరే 'యెస్ ప్రైమ్ మినిస్టర్'ను రంగస్థల నాటకంగా తిరగరాశారు. హెన్రీ గుడ్‌మన్ హంఫ్రీ, డేవిడ్ హేగ్ హాకర్. ఆ హేగే ఏడాది తిరిగాక మూడో జార్జ్ వేషం కూడా కట్టాడు.